స్టీలు గ్లాసును చల్లగా చూపిన కెమెరా

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, వేడిని బొమ్మగా చూపించే కెమెరాను మొట్టమొదట చేత పట్టుకున్న ఎలక్ట్రీషియన్ని నేనే. హైదరాబాదులో పది కంపెనీల కెమెరాలు వరసగా ముందు పెట్టుకుని, ఒక్కొక్కదాన్నీ మూడేసి రోజులు పరీక్షించి, చివరికి ఒకదాన్ని ఎంపిక చేశాను. రిటైరైన కొత్తలో కొత్తగూడెం బస్టాండులో కలిసిన ప్రతివాడికీ ఈ మాటే చెప్పాను.

నిజం ఇది. పది కాదు, రెండు. నేను హైదరాబాదు పోలేదు, అమ్మేవాళ్ళే మా మిల్లుకు వచ్చారు. మూడు రోజులు కాదు, ఒక్క పూట. అందులో టీ తాగిన సమయం కూడా ఉంది. ఇక మొదటివాణ్ణి అవునో కాదో నాకు తెలియదు. ఎవరైనా కాదంటారేమోనని అడగలేదు.

ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయను. ముప్పయ్యేళ్ళలో వచ్చినవి రెండే, రెండోది పైవాడు ఉద్యోగం మానేస్తే వచ్చింది. ఒక కెమెరాను ఎలా ఎంచుకోవాలో రాస్తాను. నేనెలా ఎంచుకున్నానో రాస్తే, ఎలా ఎంచుకోకూడదో ముందు తెలుస్తుంది.

మైనం

మా మిల్లు టేకులపల్లి దాటాక, అడవి అంచున ఉండేది. జామాయిల్ దుంగలను పల్చటి పొరలుగా చెక్కి, ఆరబెట్టి, ఒకదానిమీద ఒకటి అతికించి ప్లైవుడ్ చేసేవాళ్ళం. నేను ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌ని. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చిన కరెంటును యంత్రాలన్నిటికీ పంచే ప్యానెల్ రూము నా రాజ్యం.

ఆ ప్యానెళ్ళ లోపల అల్యూమినియం పట్టీలుంటాయి. బస్‌బార్లు అంటాం. వాటికి కేబుళ్ళు బోల్టులతో బిగించి ఉంటాయి. మా పనిలో ప్రాణం తీసేది ఎక్కువగా ఆ బోల్టే. కాలం గడిచేకొద్దీ వదులవుతుంది, వదులైనచోట వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ ఇంకా వదులవుతుంది. ఒకరోజు మంట లేస్తుంది.

ఏ జాయింటు వేడెక్కుతోందో కనిపెట్టడానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. సెలవు రోజు కరెంటు ఆపేసి, ప్రతి జాయింటు మీద బఠాణీ గింజంత మైనం ముద్ద అంటించడం. వారం తిరిగాక మళ్ళీ కరెంటు ఆపి చూస్తే, ముద్ద ముద్దగానే ఉంటే బాగున్నట్టు, జారిపోతే ఆ జాయింటు కాలుతున్నట్టు. ఈ ఉపాయాన్ని మెచ్చుకుని పక్క మిల్లు వాళ్ళు నన్ను పిలిపించుకుని చూపించమన్నారు.

ఇదీ అబద్ధమే. పిలిపించుకున్నది నిజం. కనిపెట్టింది నేను కాదు. పాతకాలం ఫిట్టర్లు కొవ్వొత్తి మైనం వాడేవాళ్ళు, నేనూ అదే నేర్చుకున్నాను. కానీ మా దగ్గర మే నెలలో ప్యానెల్ తలుపు తీస్తే ముఖానికి ఆవిరి కొడుతుంది. కొవ్వొత్తి మైనం జాయింటు బాగున్నా జారిపోయేది. ఉత్తపుణ్యానికి బోల్టులు విప్పి బిగించేవాళ్ళం. అడవి తేనెపట్టు మైనం తెచ్చి పెట్టింది లచ్చయ్య.

లచ్చయ్య మా దగ్గర కాంట్రాక్టు హెల్పరు. మిల్లుకు అయిదారు మైళ్ళ అవతల, అడవి లోపల ఉన్న కోయగూడెం ఆయనది. ఎండాకాలం తేనె తీసేవాడు, మిగతా రోజుల్లో మా దగ్గర పని. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. అయినా నేను పేరు పెట్టి "లచ్చయ్యా, ఇటు రా" అనేవాణ్ణి, ఆయన నన్ను "సారూ" అనేవాడు. ఎవరికీ వింతగా అనిపించలేదు. నాకు ఇప్పుడనిపిస్తోంది.

"సారూ, గీ కొవ్వొత్తి ఎండకే ఏడుస్తది. మా పట్టు మైనం పెట్టి సూడు. నిజంగ కాలితెనే జారుతది," అన్నాడు.

పెట్టి చూశాం. మే నెలలోనూ నిలబడింది. జారిన ప్రతిచోటా బోల్టు వదులుగానే దొరికింది. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మైనం మాకు తప్పు చెప్పలేదు.

రెండు కెమెరాలు, ఒక టీ

రెండు వేల ఆరో ఏడో, ఆ ప్రాంతంలో బీమా వాళ్ళు కొత్త షరతు పెట్టారు. ప్యానెళ్ళను వేడిని చూసే కెమెరాతో తనిఖీ చేసి, ఫొటోలతో రిపోర్టు ఇవ్వాలి. మా మేనేజరు గారిది విజయవాడ వైపు. నన్ను పిలిచి, "డానియేలు గారూ, వాడేది మీరు కాబట్టి ఎంచుకునేదీ మీరేనండి," అన్నారు. నేను ఆ రోజంతా ఛాతీ ముందుకు పెట్టుకుని నడిచాను.

ఇద్దరు వచ్చారు. ఒకాయన తెల్లజుట్టు మనిషి. ఆయన కెమెరా ఇటుకలా ఉంది, బొమ్మ మసకగా ఉంది. వచ్చీరాగానే "ముందు మీ ప్యానెల్ చూపించండి, లోడు మీద, యంత్రాలన్నీ నడుస్తున్నప్పుడు చూడాలి," అన్నాడు. జేబులోంచి నల్ల ఇన్సులేషన్ టేపు చుట్ట తీసి, "మెరిసే లోహం దగ్గర ఏ కెమెరా అయినా..." అని మొదలుపెట్టాడు.

నేను మధ్యలో అందుకున్నాను. "టేపు అంటిచ్చుడుకు కెమెరా ఎందుకు సార్? మా స్టోర్ల టేపు డబ్బాలకు డబ్బాలున్నది."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. చుట్ట మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

రెండో ఆయన టై కట్టుకుని వచ్చాడు. ఆయన కెమెరా పిస్తోలు ఆకారంలో ఉంది, నడుముకు తగిలించుకునే తోలు ఒర కూడా ఉంది. దాన్ని నా ముఖం వైపు తిప్పాడు. తెర మీద నా ముఖం ఎర్రగా, పచ్చగా, ముక్కు మాత్రం నీలంగా వచ్చింది. మేనేజరు గారు చిన్నపిల్లాడిలా నవ్వారు. "డానియేలు గారూ, మీ ముక్కు చల్లగా ఉందండోయ్."

అప్పుడే క్యాంటీన్ నుంచి టీ వచ్చింది. స్టీలు గ్లాసులు. లచ్చయ్య తువ్వాలు కొసతో గ్లాసు పట్టుకుని అందరికీ అందిస్తున్నాడు. టై ఆయన కెమెరా ట్రే వైపు తిప్పాడు. టీ పైభాగం తెల్లగా మండిపోతోంది. గ్లాసు మాత్రం ముదురు నీలం.

లచ్చయ్య తెరలోకి తొంగి చూశాడు. "సారూ, గ్లాసు పట్టుకుంటె చెయ్యి కాలుతున్నది. గిదేంది, సల్లగున్నట్టు జూపిస్తున్నది?"

"స్టీలు కదన్నా, అట్లాగే వస్తుంది," అన్నాడు టై ఆయన, బటన్ నొక్కి వేరే రంగులు చూపిస్తూ.

"మరి మన ప్యానెల్ల పట్టీలు గూడ మెరుస్తయి గద సారూ."

ఆ ఒక్క ప్రశ్నకు నేను ఆగి ఉంటే ఇది రాయాల్సిన పని లేదు. నేనేమన్నానో అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "లచ్చయ్యా, నీ వేళ్ళు ముసలియైనయ్. మిషన్ అబద్ధమాడదు."

అందరూ మళ్ళీ నవ్వారు. లచ్చయ్య కూడా నవ్వాడు. పిస్తోలు కెమెరానే కొన్నాం. ఎందుకు ఎంచుకున్నారని మేనేజరు గారు అడిగితే స్పష్టత, వేగం, సౌలభ్యం అని మూడు కారణాలు చెప్పాను. అసలు కారణం ఆ తోలు ఒర. దాన్ని నడుముకు తగిలించుకుని మిల్లులో తిరుగుతుంటే నేను ఎస్సైని అనిపించేది.

మెరిసిన పట్టీలు

బీమా మనిషి వచ్చే ముందు రోజు సెలవు. కరెంటు ఆపి ప్యానెళ్ళు తెరిచాం. బోల్టులన్నీ స్పానరుతో ఒకసారి బిగించి చూడాల్సిన రోజది. నేను లచ్చయ్యకూ ఇంకో ఇద్దరికీ ఎమెరీ కాగితం ఇచ్చి, బస్‌బార్లు అద్దంలా తోమమన్నాను. ఫొటోల్లో బాగా రావాలని. స్పానరు పట్టాల్సిన సమయమంతా తోమడానికి పోయింది.

సాయంత్రం లచ్చయ్య వచ్చాడు. "సారూ, డ్రయ్యర్ ప్యానెల్ల మూడో జాయింటు మీద మైనం మొత్తం జారింది. ఒక్కసారి ఇప్పి సూద్దామా?"

"తుడిచెయ్యి. రేపు బీమా సారు జూస్తె నవ్వుతడు. కెమెరా వచ్చినంక ఇంకేం మైనం? ఇగ బంద్ చెయ్యి."

"గట్లనే సారూ," అన్నాడు.

మర్నాడు, చెక్క పొరలను ఆరబెట్టే డ్రయ్యర్ పూర్తి లోడు మీద నడుస్తుండగా కెమెరా పెట్టాను. మూడో జాయింటు చల్లటి నీలం. ఫొటో తీశాను. రిపోర్టులో "సాధారణం" అని రాసి సంతకం పెట్టాను. బీమా మనిషి నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

పది రోజులు కాలేదు. మధ్యాహ్నం ప్యానెల్ రూములో ఏదో మాడిన వాసన. నేను ఒరలోంచి కెమెరా తీసి డ్రయ్యర్ ప్యానెల్ తలుపు తెరిచాను. తెర మీద అంతా నీలం. నమ్మకం కుదరక మొహం ఇంకా దగ్గరికి పెట్టాను. వెనక నుంచి లచ్చయ్య అరుస్తున్నాడు, "సారూ, ఎనుకకు రా! కెమెరా జూడకు, వాసన జూడు!"

నా చొక్కా కాలరు పట్టి ఎవరో వెనక్కి లాగారు. నేను వెల్లకిలా పడ్డాను. అదే క్షణంలో మూడో జాయింటు దగ్గర తెల్లటి వెలుగు, పెద్ద చప్పుడు, మంట. నన్ను లాగిన చెయ్యి ఇంకా తలుపు ముందే ఉంది. మోచేతి దాకా కాలింది. ఆ చేత్తోనే లచ్చయ్య మెయిన్ స్విచ్ కిందికి కొట్టాడు.

నిజంగానే చెప్పిన అబద్ధం

మిల్లు రెండు రోజులు ఆగింది. మేనేజరు గారు ప్యానెల్ రూముకు వచ్చి చూశారు. ప్యానెల్ అడుగున కరిగిన మైనం చుక్కలు కనిపించాయి. నేను బంద్ చెయ్యమన్నాక కూడా లచ్చయ్య తర్వాతి సెలవు రోజు కరెంటు ఆపినప్పుడు ఆ మూడో జాయింటుకు మాత్రం, నాకు చెప్పకుండా, మళ్ళీ ముద్ద పెట్టాడు. ఆయనకు ఆ జాయింటు మీద అనుమానం తీరలేదు.

"ఇదేంటండీ? మైనం కదా? మంటకు ఇదే కారణం కాదా?"

మేనేజరు గారు వంగి ఒక చుక్కను గోటితో గీకారు.

"జాయింటు బానే ఉందని మీ ఫొటో ఉంది కదండీ. మరి ఇది కాకపోతే ఇంకేంటి? ఈ మైనం సంగతి మీకు తెలుసా?"

"నేను వద్దని చెప్పిన సార్," అన్నాను.

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. నా సర్వీసులో నేను పలికిన అన్ని అబద్ధాలకన్నా పెద్దది అదే.

చేతికి కట్టుతో ఉన్న లచ్చయ్యను పిలిపించారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆయన మైనం ఎందుకు పెట్టాడో చెబుతాడని, నా పని అయిపోయిందని అనుకున్నాను. ఆయన నా వైపు చూసి, మేనేజరు గారి వైపు తిరిగాడు.

"అవ్ సార్. సారు వద్దన్నడు. నేనే పెట్టిన."

అంతే. పనిలోంచి తీసేశారు. ప్యానెల్ రూము తలుపు మీద రేకు బోర్డు రాయించి బిగించారు: "ప్యానెళ్ళలో మైనం పెట్టరాదు. అగ్ని ప్రమాదం జరుగును."

ఆ ఆదివారం మా చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు చేసిన మేలును లేచి నిలబడి నలుగురికీ చెప్పుకోవడం మా సంఘంలో అలవాటు. నేను లేచాను. మంట గురించి చెప్పాను. గది సగం ఎత్తు లేచిన మంటను కప్పు దాకా లేపాను. "అప్పుడు కనిపించని చెయ్యి ఒకటి నా కాలరు పట్టి వెనక్కి లాగింది," అన్నాను. హల్లెలూయా అని సంఘమంతా మారుమోగింది. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను.

ఇంటికొచ్చాక నా భార్య సుగుణ అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఏందయ్యా, ఆ చెయ్యి లచ్చయ్యది గాదా? దేవుని చేతికి బొబ్బలొస్తయా?"

నేను పప్పు కలుపుకున్నాను. ఆ సాక్ష్యాన్ని తర్వాత ఇంకో నాలుగు ఇంటి ప్రార్థనల్లో కూడా చెప్పాను. ప్రతిసారీ మంట కొంచెం పెరిగింది.

నల్ల టేపు

కొన్ని వారాలకు, కెమెరాతో వచ్చిన పుస్తకాన్ని మొదటిసారి తెరిచాను. మూడో పేజీలో మెరిసే కెటిల్ బొమ్మ ఉంది. మెరిసే లోహం తన వేడిని సరిగా బయటపెట్టదు, ఎదురుగా ఉన్నవాటిని అద్దంలా చూపిస్తుంది. కాబట్టి కెమెరా చెప్పే లెక్క నమ్మవద్దు, నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడండి అని రాసి ఉంది. తెల్లజుట్టు ఆయన చెప్పబోయింది, లచ్చయ్య స్టీలు గ్లాసు దగ్గర అడిగింది, రెండూ ఆ ఒక్క పేజీలో ఉన్నాయి.

సెలవు రోజు కరెంటు ఆపి, ఒక జాయింటు పక్కన చిన్న టేపు ముక్క అంటించాను. మర్నాడు లోడు మీద చూస్తే టేపు ఎర్రగా ఉంది, దాన్ని ఆనుకుని ఉన్న పట్టీ నీలంగా ఉంది. ఒకే పట్టీ, ఒకే వేడి. ఎస్సైలా ఒర తగిలించుకుని తిరిగినవాణ్ణి, ఆ ఒర విప్పి పక్కన పెట్టాను.

వెళ్ళి మేనేజరు గారికి చెప్పాలి. చెబితే నా రిపోర్టు తప్పని తేలుతుంది. రిటైర్మెంటుకు రెండేళ్ళుంది. చెప్పలేదు. ఆ రోజు నుంచి అన్ని జాయింట్లకూ టేపు అంటించాను. మిల్లులో దానికి "డానియేలు సార్ టెక్నిక్" అని పేరొచ్చింది. నేను వద్దనలేదు.

ఇప్పుడు మీకు చెప్పాల్సింది చెబుతాను. కెమెరా కొనేటప్పుడు అమ్మేవాణ్ణి ఆఫీసు గదిలో కూర్చోబెట్టకండి. మీ ప్యానెల్ దగ్గరికి, పూర్తి లోడు మీద ఉన్నప్పుడు తీసుకుపోండి. అతని చేతికి స్టీలు గ్లాసులో వేడి టీ ఇచ్చి, కెమెరాతో చూపించమనండి. ఎందుకు చల్లగా వస్తోందో వివరంగా చెప్పగలిగితే అతని దగ్గర కొనండి, రంగులు మార్చి చూపిస్తే పంపించేయండి. లోహాన్ని బట్టి లెక్క మార్చుకునే ఏర్పాటు ఉందో లేదో అడగండి. మా కెమెరాలో లేదు, నేను అడగలేదు. దూరం నుంచి చిన్న బోల్టును చూస్తే, కెమెరా దాని చుట్టూ ఉన్న చల్లటి భాగాన్ని కూడా కలిపి సగటు చెబుతుంది. ఎంత దూరం నుంచి ఎంత చిన్నదాన్ని సరిగ్గా చూడగలదో తేల్చుకోండి. అద్దం మూతలోంచి, ప్లాస్టిక్ మూతలోంచి అది చూడలేదు. వాసన వచ్చినప్పుడు కెమెరా తీయకండి, కరెంటు తీయండి. మీకన్నా ముందు నుంచి ఆ గదిలో పని చేస్తున్నవాడు ప్రశ్న అడిగితే, నవ్వించే జవాబు మీ నాలుక మీదికి వచ్చినా మింగేయండి. ఒర సంగతి చివర చూసుకోవచ్చు.

బోర్డు

రిటైరైన రోజు సభలో నా టేపు టెక్నిక్ గురించి ముగ్గురు మాట్లాడారు. శాలువా మెడ మీద కాలినట్టనిపించింది. ఆ వారమే బస్సెక్కి, దిగి, నడిచి, లచ్చయ్య గూడెం పోయాను.

వాకిట్లో విస్తరాకులు కుడుతున్నాడు. కుడిచేతి రెండు వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదు. నన్ను చూసి లేచాడు. నేను అంతా చెప్పాను, పుస్తకం పేజీ, టేపు, చర్చిలో కనిపించని చెయ్యి, ఏదీ దాచలేదు. మొదటిసారి "లచ్చన్నా" అని పిలిచాను. ఆ పిలుపు ఆయన చెవికి ఎక్కినట్టు లేదు.

"నాకు ఎరుకే సారూ," అన్నాడు. "గ్లాసు నాడే ఎరుక."

"నేనేం చెయ్యాల్నో చెప్పు అన్నా."

చాలాసేపు ఆకులు కుట్టాడు. "పని పోయింది, పోనీ. గా బోర్డు ఉన్నది జూడు, అది తీపియ్యి. మా గూడెపోళ్ళు గా మిల్లుకే పోతరు. దాన్ని సదివి, వచ్చి, నన్ను 'అగ్గి లచ్చయ్య' అంటరు. సంతల నా మైనం కొనేటోడు గూడ, 'దీనితోని ఇల్లు కాలదు గదా' అని నవ్వుతడు. నేను మిల్లు కాలవెట్టలే సారూ."

మిల్లుకు పోయాను. అప్పటికి కొత్త మేనేజరు వచ్చి ఉన్నాడు. బోర్డు ఎందుకు తీయాలని అడిగాడు. ఎందుకో చెప్పకుండా తీయించే దారి ఏదైనా ఉందేమోనని ఆయన ఎదుట కూర్చుని కూడా ఆలోచించాను. లేదు. చెప్పాను.

"మరి అప్పుడే చెప్పొచ్చు కదండీ?"

"ఉద్యోగం పోతదని భయపడ్డ సార్."

"ఆయన ఉద్యోగం పోయింది కదా."

"అవ్ సార్."

నా రిపోర్టు తప్పని, మంటకు కారణం నేను బిగించని బోల్టేనని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఎలక్ట్రికల్ వాళ్ళందరినీ పిలిపించి ఆ కాగితం నాతోనే చదివించాడు. నన్ను "గురువు గారూ" అని పిలిచే ఫిట్టర్లు నేల చూపులు చూశారు. తర్వాత స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని బోర్డు నేనే విప్పాను.

ఆదివారం చర్చిలో మళ్ళీ లేచాను. ఆ చెయ్యి ఎవరిదో పేరుతో సహా చెప్పాను. ఈసారి హల్లెలూయా లేదు. ఎవరో దగ్గారు. సుగుణ మాత్రం నేను కూర్చునేటప్పుడు పక్కకు జరిగి చోటిచ్చింది.

బోర్డు తీసుకుని లచ్చన్న ఇంటికి పోయాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రాతలు లోపలికి వచ్చేలా కోళ్ళగూటికి తలుపుగా ఆనించాడు. సరిగ్గా సరిపోయింది. లోపలికి పోయి టీ తెచ్చాడు. స్టీలు గ్లాసు. పొగలు వస్తున్నాయి. తువ్వాలు ఆయన భుజం మీదే ఉంది, నాకు ఇవ్వలేదు.

"పట్టుకో సారూ," అన్నాడు, ముఖంలో నవ్వు లేదు. "సల్లగనే ఉంటది."

రెండు చేతులతో పట్టుకున్నాను. తాగడం అయ్యేదాకా కింద పెట్టలేదు.